మేపుల్ బోన్సాయ్ ఆకుల అంచులు మాడిపోతున్నాయి, రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను!

కొత్తకుండీ
రెండు నెలల క్రితం మా చెల్లి నా పుట్టినరోజుకు జపనీస్ మేపుల్ బోన్సాయ్ ఇచ్చింది. మూడేళ్ళ మొక్క అని చీటీ మీద ఉంది. మూరెడు కూడా లేదు. వచ్చినప్పుడు నిప్పుకణికలా ఎర్రగా ఉండేది. ఇప్పుడు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి అయిపోతున్నాయి. పైగా మిగిలిన ఆకుల్లో ఎరుపు పోయి ఆకుపచ్చ వస్తోంది.

ఇప్పటిదాకా నేను చేసినవి చెప్తాను. రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు పోస్తున్నాను. మాడటం మొదలవగానే ఎండ ఎక్కువైందేమోనని హాల్లోకి తెచ్చేశాను. రోజుకు మూడుసార్లు ఆకుల మీద స్ప్రే. పోయిన వారం బలానికని ఎరువు గుళికలు వేశాను. అయినా తగ్గలేదు. ఈ ఆదివారం మట్టంతా మార్చి పెద్ద కుండీలోకి వేద్దామనుకుంటున్నాను, ఏ మట్టి వాడాలి? ఉన్న ఒకే ఒక్క మంచి విషయం ఏంటంటే మొదట్లోంచి ఒక పచ్చటి కొమ్మ దూసుకొస్తోంది, అదొక్కటే ఆరోగ్యంగా ఉంది.

మట్టిచేతులు
ఆదివారం ఏమీ చెయ్యకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ మట్టి మార్చే పని ఆపండి.

నీళ్ళడబ్బా
రోజూ నీళ్ళా! అదే జబ్బు. వేర్లు కుళ్ళిపోయి ఉంటాయి. వారానికి రెండుసార్లు చాలు.

పాతకాపు
వారానికి ఇన్నిసార్లు అనే లెక్క కుండీలో చెట్టుకు పనికిరాదు నీళ్ళడబ్బా గారూ. బెత్తెడు లోతు కుండీ ఎండగాలికి ఒక్క పూటలో ఆరిపోతుంది. అదే కుండీ ముసురు పట్టిన రోజుల్లో మూడు రోజులైనా తడిగానే ఉంటుంది.

కొత్తకుండీ గారూ, మేపుల్ ఆకు అంచు మాడిందంటే, ఆకు గాలికి వదిలేసినంత నీటిని వేరు పైకి పంపలేకపోతోందని. ఎందుకు పంపలేకపోతోంది అన్న దగ్గరే అందరం పొరబడతాం. మట్టి ఎండిపోతే పంపలేదు. మట్టి బురదై, వేరుకు గాలి ఆడక కుళ్ళినా పంపలేదు. ఎరువు ఉప్పు పేరుకున్నా అంతే. వేరు శుభ్రంగా ఉన్నా వడగాలి కొడితే పంపింది చాలదు. నాలుగింటికీ పైకి కనిపించే మాడు ఒక్కటే. అందుకే ఫోటో చూసి జబ్బు చెప్పేవాళ్ళను నమ్మకండి, నాతో సహా. రంగు వెయ్యని చెక్క పుల్ల ఒకటి మట్టిలోకి రెండు అంగుళాలు దించి, పది నిమిషాలు ఆగి తీసి, తడి ఎంతవరకు ఎక్కిందో చెప్పండి.

కొత్తకుండీ
పుల్ల దిగట్లేదు.

పాతకాపు
దిగకపోవడమేంటి?

కొత్తకుండీ
పైన తెల్లటి గులకరాళ్ళు ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి అతుక్కుని పలకలా ఉన్నాయి. చూడ్డానికి బాగున్నాయని నేనెప్పుడూ కదపలేదు.

రంపం_రాణి
దొరికాడు దొంగ.

మట్టిచేతులు
జిగురు రాళ్ళు! నా మొదటి మొక్కకూ ఇవే ఉండేవి. దారిలో మట్టి ఒలికిపోకుండా అమ్మేవాళ్ళు రాళ్ళను జిగురుతో అంటిస్తారు. ఇంటికి తెచ్చుకున్నాక పీకెయ్యాలని మాత్రం చెప్పరు. మీరు పోసిన నీళ్ళు ఆ పలక మీద జారి, కుండీ గోడకూ మట్టికీ మధ్య ఉన్న సందులోంచి కిందికి పోతాయి. కింద కన్నంలోంచి కారుతున్నాయి కదా, తడిసిందిలే అనుకుంటాం. నడిమి మట్టి ఇటుకలా పొడిగా ఉంటుంది.

కొత్తకుండీ
అవునండీ, పోసిన క్షణంలో పళ్ళెంలోకి వచ్చేస్తాయి! నీళ్ళు నిలవట్లేదు, మంచి కుండీ అని సంతోషపడ్డాను.

రంపం_రాణి
పెద్ద టబ్బులో కుండీ అంచు మునిగేదాకా నీళ్ళు పోసి అరగంట ఉంచండి. కొన్ని జిగుర్లు నీళ్ళకు మెత్తబడతాయి, రాళ్ళు వేలితో ఊడొస్తాయి. లేదంటే పట్టకారు తీసుకుని కుండీ అంచు వైపు నుంచి ముక్కలు ముక్కలుగా విరవండి. కాండం చుట్టూ ఉన్నవి ఆఖర్న, నిదానంగా. బెరడు లేచిపోతే కొత్త తలనొప్పి.

నానబెట్టడం ఎలాగూ కావాలి. పీట్ (కుళ్ళిన నాచు ఎరువు లాంటిది) కలిసిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్ళను దగ్గరికి రానివ్వదు. పైనుంచి ఎంత పోసినా పీల్చదు, ముంచితేనే తడుస్తుంది. బుడగలు ఆగేదాకా తియ్యకండి.

నీళ్ళడబ్బా
సరే, లెంపలేసుకున్నాను. ఎక్కువై కాదు, తక్కువై.

పాతకాపు
లెంపలెందుకు. ఇంకో మొక్కకైతే మీ మాటే నిజమయ్యేది.

కొత్తకుండీ
రాళ్ళు తియ్యడానికి గంటన్నర పట్టింది. బుడగలు పావుగంట పైనే వచ్చాయి, చూస్తుంటే భయమేసింది. ఇప్పుడు పుల్ల దిగుతోంది కానీ లోపలంతా గట్టి బంకమట్టి. ఈ మట్టిలో ఎలా బతుకుతుంది? ఇప్పుడైనా మార్చొచ్చా?

మట్టిచేతులు
వద్దు వద్దు వద్దు.

కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఇక్కడే నేను ఒక చెట్టును చంపుకున్నాను. మట్టి మార్చడమంటే వేర్లు విప్పి, దువ్వి, కొన్ని కొయ్యడం. ఒంటి నిండా ఆకులున్నప్పుడు వేర్లు తగ్గిస్తే ఏమవుతుందో పైన పాతకాపు గారు రాసిందే మళ్ళీ చదవండి. ఇప్పటికే దాహంతో ఉన్న మొక్కకు నోరు కుట్టేసినట్టు. మేపుల్‌కి మట్టి మార్చే సమయం ఏడాదికి ఒక్కసారి వస్తుంది. చలికాలం ముగిసి మొగ్గలు ఉబ్బి, రంగు తేలి, ఇంకా విచ్చుకోకముందు. ఒకటి రెండు వారాలు ఉంటుందంతే. అప్పుడు మూడో వంతు వేర్లు తీసినా లేత చెట్టు తట్టుకుంటుంది. నేను ఆగలేక నడివేసవిలో చేశాను. పన్నెండు రోజుల్లో ఆకులన్నీ ఎండి కొమ్మలకే వేలాడాయి. చలికాలానికి రాలే ఆకు దానంతట అది కాడ వదిలి పడుతుంది. చచ్చిన కొమ్మ ఆకు పట్టుకునే ఉంటుంది. ఆ తేడా ఆరోజు తెలిసింది.

తొట్టిలో_అడవి
వేరుముద్ద కదపకుండా అలాగే ఎత్తి కొంచెం పెద్ద కుండీలో దించి చుట్టూ మంచి మట్టి నింపొచ్చు కదా? అది ఎప్పుడైనా చెయ్యొచ్చంటారు.

పాతకాపు
చెయ్యొచ్చు, కానీ ఈ మొక్కకు వద్దంటాను. లోపల బంకమట్టి, బయట గులక మట్టి అయితే నీళ్ళు బయటి దాంట్లోంచే జారిపోతాయి, మధ్య ముద్ద మళ్ళీ పొడి. జిగురు రాళ్ళ కథే ఇంకో రూపంలో. వసంతం దాకా ఈ మట్టితోనే సర్దుకోవాలి. పుల్లతో అక్కడక్కడా కన్నాలు పొడిచి, మట్టి పైపొర ఆరడం మొదలవగానే కింద కన్నాల్లోంచి కారేదాకా పొయ్యడం, అయిదు నిమిషాలాగి మళ్ళీ పొయ్యడం. గ్లాసు లెక్క మర్చిపోండి. పళ్ళెంలో నీళ్ళు పారబొయ్యండి.

కొత్తకుండీ
ఎరువు వేసేశాను కదా, దాని సంగతి?

రంపం_రాణి
కనిపించిన గుళికలన్నీ ఏరెయ్యండి. కరిగిన ఉప్పు ఆ పోసే నీళ్ళతో కొట్టుకుపోతుంది. జబ్బు మొక్కకు ఎరువు బలం కాదు, అప్పు. కొత్త ఆకు వచ్చి గట్టిపడేదాకా అసలొద్దు.

మంచుబూట్లు
హాల్లోంచి బయటికి పంపండి ముందు. మేపుల్ ఇంట్లో మొక్క కాదు. మన కంటికి వెలుతురుగా కనిపించే గది దానికి చీకటి కొట్టు. పైగా చలి తగలాలి, ఆకు రాల్చి నిద్రపోవాలి. ఆ నిద్ర లేకుండా ఏడాది రెండేళ్ళు ఈడుస్తుంది, తర్వాత మొగ్గలు సరిగా విచ్చుకోవు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ, గాలి నేరుగా కొట్టని చోటు. ఒక్కరోజులో ఎండలోకి నెట్టకుండా వారం పాటు నీడలో అలవాటు చెయ్యండి.

తొట్టిలో_అడవి
స్ప్రే మానొద్దు కదా? గాలిలో తేమ మంచిదేగా.

మంచుబూట్లు
స్ప్రే తేమ పది నిమిషాల్లో ఎగిరిపోతుంది. అది చేసేవాడి మనశ్శాంతికి.

నీళ్ళడబ్బా
మిట్టమధ్యాహ్నం స్ప్రే చేస్తే నీటిచుక్క భూతద్దంలా పనిచేసి ఆకు కాలుతుందట. అదే అయ్యుంటుంది ఈ మాడు.

పాతకాపు
మళ్ళీనా! నున్నటి ఆకు మీద చుక్క దాదాపు ఆనుకునే ఉంటుంది, వెలుగు కేంద్రీకరించాల్సిన చోటు ఆకుకు చాలా కింద పడుతుంది. ఈలోపు చుక్కే ఆరిపోతుంది. ఆకు కాలదు. నీళ్ళు కఠినజలమైతే తెల్లమచ్చలు మిగులుతాయి, అంతే. మధ్యాహ్నం మొక్క వాలిపోయి కనిపిస్తే సాయంత్రం దాకా ఆగకుండా అప్పుడే నీళ్ళు పొయ్యండి.

నీళ్ళడబ్బా
ఈ చర్చలో నేను ఇంకేం మాట్లాడను.

రంపం_రాణి
మాట్లాడండి, మీ వల్లే మాకు రాయడానికి దొరుకుతోంది 🙂

కొత్తకుండీ
ఎరుపు పోయి పచ్చబడటం గురించి ఎవరూ చెప్పలేదు. అది కూడా జబ్బేనా?

ఆకుపిచ్చి
ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నా. రకాన్ని బట్టి ఉంటుంది. దెశోజో అని ఒక రకం ఉంది, బోన్సాయ్ వాళ్ళకు ప్రాణం. వసంతంలో చిగురు మంటలా ఎర్రగా వస్తుంది, వేసవికి పచ్చబడుతుంది, ఆకు రాల్చే ముందు మళ్ళీ ఎర్రబడుతుంది. అది దాని నడక. బ్లడ్‌గుడ్ లాంటివైతే వేసవిలోనూ ముదురు ఎరుపే. అవి కూడా వెలుతురు చాలకపోతే పచ్చవైపు తిరుగుతాయి, ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ తయారవ్వడానికి ఎండ కావాలి కాబట్టి. మీరు హాల్లో పెట్టారు, రకం పేరు తెలియదు. కాబట్టి రెండిట్లో ఏదైనా కావచ్చు, ఏదైనా టెన్షన్ పడాల్సింది కాదు.

ఇంకో సంగతి, అడక్కపోయినా చెప్తా. దీని శాస్త్రీయ నామం ఏసర్ పాల్మేటమ్, 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త తున్‌బెర్గ్ పెట్టింది. వేళ్ళు చాచిన అరచెయ్యిలా ఉందని పాల్మేటమ్. జపాన్ వాళ్ళు మేపుల్‌ని కఎదే అంటారు, ఆ మాట పుట్టింది 'కప్ప చెయ్యి' నుంచి. నాకు తున్‌బెర్గ్ కన్నా వాళ్ళ చూపే నచ్చింది.

బద్ధకం_బాబు
ఇక నా చెట్టును కప్పా అనే పిలుస్తాను.

రంపం_రాణి
అందరూ ఒక విషయం వదిలేశారు. మొదట్లోంచి దూసుకొస్తున్న పచ్చ కొమ్మ! కొత్తకుండీ గారూ, అది ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. కాండం మీద అడుగున ఎక్కడైనా బుడిపె, లేదా ఏటవాలు గీత ఉందా? కొమ్మ దానికి పైనా, కిందా?

కొత్తకుండీ
ఉంది. మట్టికి రెండు వేళ్ళ ఎత్తున ఉబ్బుగా ఉంది, దాని పైన బెరడు రంగు కూడా వేరు. పచ్చ కొమ్మ దాని కిందే. ఆకు కూడా కాస్త పెద్దది.

రంపం_రాణి
అయితే మీది అంటు మొక్క. గింజతో మొలిచిన మామూలు పచ్చ మేపుల్ మీద ఎర్ర రకం అంటు కట్టారు. మీరు మురిసిపోతున్న ఆ కొమ్మ కింది మొక్కది. దాన్ని వదిలేస్తే పైదానికి వెళ్ళాల్సిన నీళ్ళూ బలం అదే లాక్కుంటుంది, రెండు మూడేళ్ళలో ఎర్ర చెట్టు పోయి పచ్చ చెట్టు మిగులుతుంది. మొదలంటా కోసెయ్యండి.

బద్ధకం_బాబు
నేను ఒప్పుకోను. పచ్చదాన్ని ఉంచి ఎర్రదాన్ని కోసెయ్యమంటాను.

రంపం_రాణి
ఏంటీ?

బద్ధకం_బాబు
నిజంగానే. తోటలో పెంచే చెట్టుకు అంటు బుడిపె ఎవరికీ కనపడదు. బోన్సాయ్‌కి కనపడేదే ఆ మొదలు. కింద బెరడు ఒక రంగు, పైన ఇంకో రంగు, మధ్యలో గడ్డ. వయసుతో పాటు అదీ పెరుగుతుందే తప్ప పోదు. పచ్చ మేపుల్ సొంత వేరు మీద ఉంటుంది, మొండిది, ఎండకూ తట్టుకుంటుంది, ఆకు రాల్చే ముందు దానికీ రంగొస్తుంది. కొత్తవాళ్ళకు అదే మేలు.

మట్టిచేతులు
చెల్లి ఎర్రది ఇచ్చింది బాబూ, పచ్చది కాదు.

తొట్టిలో_అడవి
పచ్చ కొమ్మని త్యాగం కొమ్మగా ఉంచుకోవచ్చు కదా? కాండం లావెక్కించడానికి అడుగు కొమ్మను విచ్చలవిడిగా పెంచి, తర్వాత కోసేస్తారుగా.

పాతకాపు
త్యాగం కొమ్మ తను పుట్టిన చోటికి కింద మాత్రమే లావెక్కిస్తుంది. ఇది అంటుకు కింద పుట్టింది. అడుగు లావెక్కి పైన పుల్లలా మిగిలితే ఆ గడ్డ ఇంకా అసహ్యంగా ఉంటుంది.

బాబు చెప్పింది మొదలు విషయంలో నిజం. కానీ ఎర్రది వదులుకోనక్కర్లేదు. రెండు మూడేళ్ళు బాగా కోలుకున్నాక బుడిపెకు పైన గాలి అంటు కట్టండి. ఆకులు గట్టిపడ్డాక చుట్టూ బెరడు ఉంగరంలా ఒలిచి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కప్పితే కొన్ని వారాల్లో అక్కడే వేర్లు వస్తాయి. కోసి నాటితే సొంత వేరు మీద ఎర్ర చెట్టు, మచ్చ లేకుండా. ఇప్పుడు కాదు కొత్తకుండీ గారూ! మీరు ఆదివారం అనకముందే చెప్తున్నా.

కొత్తకుండీ
😂 అననులెండి. పచ్చ కొమ్మ కోసేస్తున్నాను. పారెయ్యాలంటే మనసొప్పడం లేదు, అది నాటితే బతుకుతుందా?

బద్ధకం_బాబు
నాటండి! నాలుగు అంగుళాల ముక్క, పైన రెండు ఆకులు చాలు, వాటినీ సగానికి కత్తిరించండి. వేరు పట్టించే హార్మోన్ పొడి అద్ది పెర్లైట్‌లో (తేలికైన తెల్లటి గుల్ల రాళ్ళలో) గుచ్చి, అడుగు కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించి నీడలో పెట్టండి. వారం తిరక్కుండానే వేరొచ్చిందా అని పీకి చూడొద్దు.

రంపం_రాణి
వేరు రావడం కష్టం కాదు, మొదటి చలికాలం దాటడమే కష్టం. వేరొచ్చిన మేపుల్ ముక్కలు నావి చాలానే వసంతానికి మళ్ళీ చిగురించకుండా పోయాయి. ఆశ పెట్టుకోవద్దు.

వేడిగాలి
మధ్యలో వస్తున్నా. మా దగ్గర చలికాలమే లేదు, ఉన్నా పేరుకే. నేను కూడా మేపుల్ కొనాలనుకుంటున్నా. కుదురుతుందా కుదరదా, సూటిగా చెప్పండి.

మంచుబూట్లు
కుదరదు.

ఆకుపిచ్చి
అంత కచ్చితంగా కాదు. కొండప్రాంతమైతే...

వేడిగాలి
కొండ లేదు. వేసవిలో 40 దాటుతుంది.

ఆకుపిచ్చి
అయితే కుదరదు.

మంచుబూట్లు
ఫైకస్ జాతి (మర్రి, రావి లాంటివి) తీసుకోండి. చలి అడగదు, కోస్తే కసిగా చిగురిస్తుంది, కొత్తవాళ్ళ తప్పులన్నీ క్షమిస్తుంది. మేపులే కావాలంటే మూడు మొనల ఆకుండే ట్రైడెంట్ మేపుల్ ఎండకు కొంచెం మేలు. దానికీ ఎంతో కొంత చలి కావాల్సిందే.

తొట్టిలో_అడవి
ఫ్రిజ్‌లో పెట్టొచ్చు.

వేడిగాలి
ఎగతాళా?

తొట్టిలో_అడవి
లేదండీ, నేను రెండు చలికాలాలు చేశాను. చిన్న మొక్కలు, ఆకు మొత్తం రాలాకే. ఆకు లేనప్పుడు వెలుతురు అక్కర్లేదు. కుండీని ప్లాస్టిక్ సంచిలో వదులుగా పెట్టి, 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఫ్రీజర్ కాదు, కింద అర. వారానికోసారి మట్టి తడి చూడాలి. పండ్లు మాత్రం అదే ఫ్రిజ్‌లో పెట్టకూడదు, పండేటప్పుడు వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గల్ని పాడుచేస్తుంది. రెండో ఏడాది మా ఆవిడ "ఫ్రిజ్ నాదా, చెట్టుదా" అని అడిగింది. మూడో ఏడాది లేదు.

మంచుబూట్లు
సరే, నిద్ర పుచ్చారు. 40 డిగ్రీల వేసవి సంగతో? దానికి ఏ అర ఉంది?

తొట్టిలో_అడవి
అక్కడే ఓడిపోయాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి ఫైకస్‌లే.

మంచుబూట్లు
మాకు బెంగ అటువైపు నుంచి. నేలలో నాటిన జపనీస్ మేపుల్ మైనస్ 20ని కూడా దాటుతుంది. కుండీలో వేరు అలా కాదు, సుమారు మైనస్ 10 దగ్గరకొస్తే చావడం మొదలవుతుంది. అందుకే ఆకు రాలాక కుండీని నేలలో అంచుదాకా పాతేస్తాను, పైన బెరడు ముక్కలు కప్పుతాను. హీటరు లేని గ్యారేజీ అయినా సరే. వెచ్చటి గదిలోకి తెచ్చారో, నడి చలికాలంలో చిగురేసి చస్తుంది. చలికాలంలోనూ మట్టి ఎండకూడదు, చాలామంది ఈ ఒక్కటీ మర్చిపోతారు.

చిన్నవిత్తు
నేను గింజల నుంచి మొదలుపెడదామనుకుంటున్నా. ఆన్‌లైన్‌లో నీలం మేపుల్ గింజలు చూశాను. బాగా మొలుస్తాయా?

ఆకుపిచ్చి
మొలిస్తే వేరేదేదో మొలుస్తుంది. నీలం ఆకుల మేపుల్ ప్రపంచంలో లేదు. అది ఫోటోకు రంగు మార్చినవాడి తోటలోనే పెరుగుతుంది.

నిజం మేపుల్ గింజకు రెక్క ఉంటుంది, గిరగిరా తిరుగుతూ పడుతుంది. తడి ఇసుకలో పెట్టి మూడు నాలుగు నెలలు చల్లగా ఉంచితే గానీ మొలవదు. ఎర్ర చెట్టు గింజ నుంచి ఎర్రదే వస్తుందని హామీ లేదు, అందుకే అంటు కడతారు. ఇక బోన్సాయ్ అనిపించుకోవడానికి పదేళ్ళు పైన. మొలకెత్తించండి, సరదాగా ఉంటుంది. పక్కన ఒక పెద్ద మొక్క కూడా కొనుక్కోండి, లేకపోతే ఆ పదేళ్ళూ మొలకల్ని గిల్లుతూ కూర్చుంటారు.

కొత్తకుండీ
ఆరు వారాలైంది. బయట పొద్దుటెండలో ఉంది. మాడిన ఆకులు అలాగే ఉన్నాయి కానీ కొత్తగా ఏవీ మాడలేదు. కొసల్లో చిన్న చిగుళ్ళు వచ్చాయి! మాడినవి తుంచెయ్యనా? ఇంకోటి, రాళ్ళు తీశాక కాండానికి చుట్టిన లోహపు తీగ కనపడింది, రెండు కొమ్మలకు కూడా ఉంది.

మట్టిచేతులు
మాడిన ఆకులో పచ్చ భాగం ఇంకా పనిచేస్తోంది, ఉంచండి. పూర్తిగా ఎండినవి తీసెయ్యండి. మాడిన అంచు మళ్ళీ పచ్చబడదు, దాని కోసం ఎదురుచూడకండి.

తీగ సంగతి అర్జెంటు. మేపుల్ బెరడు లేతది, పెరిగే కాలంలో కొన్ని వారాల్లోనే తీగ లోపలికి దిగుతుంది. ఆ మచ్చ ఏళ్ళు ఉంటుంది. విప్పకండి, విప్పేటప్పుడే కొమ్మ విరుగుతుంది. చిన్న కట్టర్‌తో ప్రతి చుట్టునూ కత్తిరించి ముక్కలుగా తియ్యండి.

కొత్తకుండీ
తీశాను. ఒకచోట గాడి పడింది. కాండం చూస్తే బాధేస్తోంది, పెన్సిలంత కూడా లేదు. ఫోటోల్లో మొదళ్ళు ఎంత లావుంటాయో. చిగుళ్ళు గిల్లితే లావెక్కుతుందా?

పాతకాపు
రివర్స్. గిల్లితే సన్నగానే ఉంటుంది. ఆకులు ఎంత ఎక్కువైతే కాండం అంత లావు. ఆ లోతులేని కుండీ అసలు చివరి మెట్టు, చెట్టు తయారయ్యాక పెట్టేది. లావు కావాలంటే వసంతంలో వెడల్పు తొట్టిలోకో నేలలోకో మార్చి, రెండు మూడేళ్ళు ఇష్టం వచ్చినట్టు పెరగనివ్వండి. ఆకు జతలుగా, ఎదురెదురుగా వస్తుంది కాబట్టి ఎక్కడ కోసినా ఆ కణుపు దగ్గర రెండు కొమ్మలు లేస్తాయి. అయిదారు జతలు వచ్చి గట్టిపడ్డాక ఒకటి రెండు జతలకు కొయ్యడం, మళ్ళీ వదలడం. కోసేటప్పుడు కణుపుకు ఆనించి కొయ్యకుండా కొంచెం మొండి ఉంచండి. మేపుల్ కోసిన చోటు నుంచి కొంత వెనక్కి ఎండుతుంది, ఆ ఎండు కణుపును దాటకూడదు. చలికాలం చివర్లో పెద్ద కోతలు వద్దు, రసం కారుతూనే ఉంటుంది.

నీళ్ళడబ్బా
ఒక్క మాట. హిరోషిమాలో బాంబు పడిన చోటికి 3 కిలోమీటర్లలోపు ఉండి కూడా బతికిన బోన్సాయ్ ఉందట. అలాంటిది మనం పోసే నీళ్ళకు చస్తుందా అని.

ఆకుపిచ్చి
ఈసారి మీరు చెప్పింది నిజమే! యమాకి కుటుంబం చెట్టు, 1625 నుంచి కుండీలో ఉంది, 1976లో అమెరికాకు బహుమతిగా ఇచ్చారు, వాషింగ్టన్‌లో ఉంది. కాకపోతే అది తెల్ల పైన్. మేపుల్ కాదు.

నీళ్ళడబ్బా
నిజమే అన్నారు కదా, అక్కడితో ఆపొచ్చు కదా.

కొత్తకుండీ
చాలా నెలల తర్వాత వస్తున్నాను. ఆకులు ఎర్రబడి మొత్తం రాలాయి, వాటంతటవే కాడ వదిలి, మట్టిచేతులు గారు చెప్పినట్టే. చలికాలమంతా గ్యారేజీలో. పోయిన వారం మొగ్గలు ఉబ్బాయి, ఎర్రగా మెరుస్తున్నాయి. ఆదివారం మట్టి మార్చాను. (ఈసారి అనుమతి ఉందనుకుంటాను.)

కుండీలోంచి తీస్తే మట్టి ముద్ద కుండీ ఆకారంలోనే వచ్చింది. చుట్టూ వేర్లు గూడులా తిరిగి ఉన్నాయి, నడుమ పిడికెడు బంకమట్టిలో ఒక్క వేరూ లేదు. పుల్లతో దువ్వి విప్పడానికి రెండు గంటలు. కిందికి దిగిన లావు వేరు ఒకటి కోశాను, పక్కకు పోయేవి ఉంచాను. అకదామా (జపాన్ బంకమట్టి గుళికలు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) సగం సగం, దుమ్ము జల్లించి. వెడల్పు తొట్టి. కదలకుండా కన్నాల్లోంచి తీగతో కట్టాను.

మట్టిచేతులు
నెల రోజులు ఎరువు వద్దు. గాలి తగలనివ్వకండి. కొత్త మట్టి తొందరగా ఆరుతుంది, పాత అలవాటుతో పొయ్యకండి.

రంపం_రాణి
ఫోటో పెట్టండి. అంటు బుడిపె కూడా కనపడేట్టు.

బద్ధకం_బాబు
అది సరే, మన పచ్చ ముక్క సంగతి?

కొత్తకుండీ
చెప్పడం మర్చిపోయా. సీసా కింద వేరు పట్టింది, రెండు ఆకులూ రాలాయి, చలికాలమంతా పుల్లలా నిలబడి ఉంది. రాణి గారు రాసింది గుర్తొచ్చి పారేద్దామనుకుని గోటితో గీకి చూశాను, లోపల పచ్చగా ఉంది. నిన్న మొగ్గ ఒకటి విచ్చుకుంది. ఒక్కటే.

బద్ధకం_బాబు
నేను చెప్పానా లేదా!

రంపం_రాణి
ఒక్క మొగ్గకే అంత గర్వమా. రెండో చలికాలం కూడా దాటనివ్వండి, అప్పుడు చూద్దాం.